పండించడమూ వ్రతమే

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువకు నీళ్లు రావడంతో గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు దంపతులు ఎందరో కర్ణాటకలోని గంగావతి, కారటగి, సింధనూరు వైపు కదిలారు. సొంతూళ్లో ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకుంటే అక్కడ అంతకు మించి నేల వచ్చేది. అప్పటిదాకా వాన మీద ఆధారపడి జొన్న పండిన నల్లరేగడి అది. దాన్ని చదును చేసి, గట్లు వేసి, మడులు కట్టి వరి నాటారు. వాళ్లు స్థిరపడిన ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. భర్త మడిలో ఉంటే భార్య ఇంటిపట్టున ఉండిపోలేదు. నాట్లు, కలుపు, కోత అన్నిట్లో ఆమె చెయ్యి ఉంది. పొద్దు వాలాక పొయ్యి వెలిగించిందీ ఆమే. గంగావతి ప్రాంతాన్ని ఈనాడు కర్ణాటక ధాన్యాగారం అంటున్నారంటే ఆ జంటల చెమట అందులో ఎంతో ఉంది.

ఆధ్యాత్మిక వ్యాసంలో ఈ గట్ల గొడవ ఎందుకంటారా? తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి చూడండి. బ్రహ్మం అంటే ఏమిటని భృగువు తన తండ్రి వరుణుణ్ణి అడుగుతాడు. తపస్సు చేసి తెలుసుకోమంటాడు తండ్రి. కొడుక్కి మొదట తెలిసింది అన్నమే బ్రహ్మమని. అక్కడి నుంచి ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళతాడు. అంతటితో ఆగిపోవచ్చు. కానీ అంత ఎత్తుకు వెళ్లిన ఉపనిషత్తు మళ్లీ అన్నం దగ్గరికే వచ్చి వ్రతాలు చెబుతుంది. అన్నాన్ని నిందించరాదు, కాదని తోసేయరాదు, విరివిగా పండించాలి, ఆశ్రయం కోరి వచ్చినవారిని తిప్పి పంపరాదు. పండించడాన్ని వ్రతాల సరసన నిలబెట్టిన ఆ చూపుకు నేను ఎన్నిసార్లైనా చేతులెత్తి మొక్కుతాను.

ఆ పండించే వ్రతాన్ని క్యాంపుల దంపతులు, ఉపనిషత్తు పేరు విన్నా వినకపోయినా, ఒళ్లు హూనం చేసుకుని నెరవేర్చారు. నిందించరాదు, తోసేయరాదు అన్న మొదటి రెండు వ్రతాలూ నిలబెట్టాల్సింది తినే మనం.

మన పెళ్లి బంతులు ఎలా ఉన్నాయి? విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టిన మనిషే పులిహోర సగం వదిలి ఆకు మడిచేస్తాడు. చారులో ఉప్పు తగ్గిందని నలుగురికీ వినబడేలా అంటాడు. పక్కనున్న పెద్దాయన పెరుగన్నం కలుపుకుంటుండగానే లేచి వెళ్లిపోతాడు. తినేవాళ్ల వెనక కుర్చీ పట్టుకుని రెండో బంతికి కాచుకునే వాళ్లు సరేసరి. వద్దన్నా వినకుండా కొసరి కొసరి వడ్డించే ఆతిథ్యానికీ ఈ పాపంలో వాటా ఉంది. ఒంటికి పడదనో, ఆకలి లేదనో ముందే చెప్పి వద్దనడం తప్పు కాదు. వేయించుకుని పారేయడమే తప్పు. ఆ తప్పు చేసిన చేత్తో చేసే అన్నదానానికి నేను పెద్ద విలువ ఇవ్వలేను.

ఈసారి బంతిలో కూర్చున్నప్పుడు వడ్డించేవారికి చాలినంతే వేయమని చెప్పండి. వేసింది పూర్తిగా తినండి. పక్కవారు ముగించేదాకా కూర్చోండి. పిల్లల్ని మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.