క్విక్ అంటే ప్రాణం

పది నిమిషాల్లో పాల ప్యాకెట్ గుమ్మంలోకి తెచ్చిచ్చే వ్యాపారానికి ‘క్విక్ కామర్స్’ అని పేరు. అదే మాట 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోనూ కనిపిస్తుంది. క్రీస్తు తిరిగొచ్చి ‘క్విక్’కూ మృతులకూ తీర్పు తీరుస్తాడని విశ్వాస ప్రమాణం చెబుతుంది. అక్కడ క్విక్ అంటే తొందరపడేవాళ్లు కాదు, బతికున్నవాళ్లు.

నిజానికి ఆ మాటకు మొదటి అర్థం అదే. సంస్కృతంలోని ‘జీవ’కూ దీనికీ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ లెక్కన తెలుగువాళ్ల నోట నలిగే జీవుడు, జీవితం, చివరికి నెలనెలా అందే జీతం కూడా క్విక్‌కు చుట్టాలే. బతికున్నది కదులుతుంది కాబట్టి వేగమన్న అర్థం తర్వాత వచ్చి చేరింది.

పాత అర్థం ఇంకా అక్కడక్కడా మిగిలే ఉంది. థర్మామీటర్ పగిలితే పాదరసం నేల మీద పూసల్లా దొర్లుతుంది, రెండు పూసలు తగిలితే ఒక్కటైపోతాయి. చూసినవాళ్లకు దానికి ప్రాణముందేమో అనిపిస్తుంది. అందుకే దాన్ని ‘క్విక్‌సిల్వర్’, అంటే బతికున్న వెండి అన్నారు. గోరు కింది మెత్తటి కండ కూడా క్విక్కే. గోరు మరీ లోతుగా తీస్తే చురుక్కుమనేది అక్కడే. చలాకీతనాన్ని ‘చురుకు’ అనే తెలుగుకు ఈ సంబంధం కొత్తేమీ కాదు.

అన్నిటికన్నా లోతైనది ‘క్విక్‌నింగ్’. కడుపులో బిడ్డ కదలికను తల్లి మొదటిసారి గుర్తుపట్టే ఘడియ అది. తొలిచూలులో సాధారణంగా ఐదో నెల. ప్రాణం ఎప్పుడు మొదలవుతుంది? చట్టం దృష్టిలో బిడ్డ కడుపులో కదలగలిగినప్పుడేనని 18వ శతాబ్దపు ఇంగ్లిష్ న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ రాశాడు. జీవుడు చేరేది ఏడో నెలలో అంటుంది గర్భోపనిషత్తు. లెక్కలు కుదరవు. అయితే ఇంగ్లండ్ చట్టం నమ్ముకున్న ఆ గుర్తును ముందుగా ఎరిగేది తల్లి ఒక్కతే. ఇంత పెద్ద తాత్విక ప్రశ్నలో ఆమె మాటకు అంత విలువ దక్కడం చిన్న విషయం కాదు.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 119వ కీర్తన తెరిస్తే ‘క్విక్కెన్’ అనే వేడికోలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఆ భక్తుడు వేగం అడగడం లేదు. మట్టిలో కూలబడి, తనకు మళ్లీ ప్రాణం పొయ్యమంటున్నాడు. తెలుగు బైబిల్లో ఆ చోట ఉన్న మాట ‘బ్రదికింపుము’.