కొలిమి సాక్ష్యం ఎంతవరకు?

ఒక స్టీలు ట్రే. దాని పొడవునా ఒక రాగి తీగ. ఆ తీగ మీద ఆరంగుళాలకొకటి చొప్పున వేడిని కొలిచే థర్మోకపుళ్లు. ట్రే చుట్టూ మంటను ఆపడానికి కట్టిన మందపాటి చుట్టు. దీన్నంతా కొలిమిలో అమర్చి, మూసి, బర్నర్లు వెలిగిస్తారు. లోపలి వేడి అయిదు నిమిషాలకు 538 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. అరగంటకు 843, గంటకు 927, మూడు గంటలకు 1,052. అమెరికాలో భవనాల గోడలు, దూలాలు మంటకు ఎంతసేపు నిలుస్తాయో చూడటానికి సుమారు వందేళ్ల కిందట గీసుకున్న గీత ఇది. ఏఎస్‌టీఎం ఈ-119 పేరుతో నేటికీ వాడుకలో ఉంది. అణు విద్యుత్ కేంద్రాల్లో కేబుళ్లకు కట్టే రక్షణ చుట్లకూ ఇదే గీటురాయి.

బయట అంత మంట మండుతున్నా లోపలి తీగ మీద వేడి సగటున 139 డిగ్రీలకు మించి పెరగకూడదు. ఏ ఒక్క చోటా 181 డిగ్రీలు దాటి పెరగకూడదు. గడువు తీరాక చుట్టు మీద హోస్‌పైపుతో నీళ్లు కొడతారు. కాలి పెళుసెక్కిన చుట్టు ఆ దెబ్బకు చిల్లు పడకుండా నిలవాలి. నిలిస్తే గంట రేటింగో, మూడు గంటల రేటింగో దక్కుతుంది.

దక్కింది సరే, అప్పుడు మనకు తెలిసిందేమిటి? ఆ కొలిమిలో, ఆ రోజున, ఆ ఒక్క నమూనా నిలిచిందని తెలిసింది. వేల మైళ్ల అవతల, వేరే చేతులు కట్టిన, ఇరవై ఏళ్లుగా దుమ్ము పట్టి ఉన్న చుట్టు కూడా నిలుస్తుందని తెలిసినట్టేనా? ఇంజనీరింగు ప్రశ్నలా కనిపించినా ఇది నిజానికి జ్ఞానం గురించిన ప్రశ్న. చూసినదాన్ని పట్టుకుని చూడనిదాన్ని నమ్మే హక్కు మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

భారతీయ తర్కశాస్త్రం ఈ ప్రశ్నను శతాబ్దాల తరబడి తవ్వింది, అదీ నిప్పునే ఉదాహరణగా పెట్టుకుని. పదిహేడో శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు కొత్తగా చదువుకునేవారి కోసం తర్కసంగ్రహం రాశాడు. అందులోనూ ఉదాహరణ నిప్పే. దూరాన కొండ మీద పొగ కనిపిస్తుంది. నిప్పు కనిపించదు. అయినా అక్కడ నిప్పు ఉందని నిశ్చయిస్తాం. వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండటం చూశాం. నిప్పు లేని చెరువులో పొగ లేకపోవడమూ చూశాం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న విడదీయరాని సంబంధమే వ్యాప్తి. చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని నిశ్చయించే అనుమాన ప్రమాణానికి ప్రాణం అదే. కొండ పక్షం, వంటిల్లు సపక్షం, చెరువు విపక్షం.

ఈ తర్కాన్ని నడిపిన న్యాయ దర్శన పండితులు, అంటే నైయాయికులు, అంతటితో ఆగి ఉంటే అది చిన్నపిల్లల పాఠంగానే మిగిలేది. వాళ్లు దీన్ని తిరగేసి చూశారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? వంటింటిని మాత్రమే చూసినవాడు ఉంటుందనే అంటాడు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. వంటింట్లో పొగకు కారణం ఉత్త నిప్పు కాదు, నిప్పుకు తోడైన తడికట్టె. మన కళ్ల ముందే ఉండి, మనం లెక్కలో వేసుకోని ఇలాంటి షరతుకు ఉపాధి అని పేరు పెట్టారు. ఉపాధి దాగి ఉన్న అనుమానం ఎన్నిసార్లు నిజమైనట్టు కనిపించినా చివరికి మోసం చేస్తుంది. అణు కేంద్రాల కేబుళ్ల చరిత్ర చదివితే అడుగడుగునా ఎదురయ్యేది ఈ ఉపాధే.

1975 మార్చి 22. అమెరికాలోని అలబామా రాష్ట్రం, టెన్నెసీ నది ఒడ్డున బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రం. రెండు రియాక్టర్లు నడుస్తున్నాయి. కంట్రోల్ రూము కింద కేబుళ్లన్నీ చేరి, అక్కడి నుంచి పాయలుగా చీలిపోయే గది ఒకటుంది. అందులోంచి కేబుళ్లు గోడలో వదిలిన రంధ్రాల గుండా రియాక్టరు భవనంలోకి వెళతాయి. ఆ రంధ్రాల్లో గాలి జొరబడే సందులు ఉండకూడదు. సందు ఉందో లేదో చూడటానికి పనివాళ్లు వెలిగించిన కొవ్వొత్తిని దగ్గర పెట్టేవారు. మంట వంగితే సందు ఉన్నట్టు. ఆ రోజు మంట వంగింది. సందులో కుక్కిన మెత్తని పాలీయూరెథేన్ ఫోముకు అంటుకుంది. రియాక్టరు భవనంలో గాలి పీడనం తక్కువ కాబట్టి మంట గోడ లోపలికి దూరి అవతలి వైపు కేబుళ్లను పట్టుకుంది. రెండు రోజుల ముందు, మార్చి 20న కూడా ఇలాంటి కొవ్వొత్తి వల్లే చిన్న మంట లేచింది. దాన్ని ఆర్పేశారు, పని మాత్రం అదే పద్ధతిలో సాగింది.

ఈసారి మంట సుమారు ఏడు గంటలు మండింది. 1,600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. వాటిలో 600కు పైగా భద్రతకు సంబంధించినవే. కంట్రోల్ రూములో దీపాలు కొన్ని ఉన్నట్టుండి ప్రకాశించాయి, కొన్ని మసకబారి ఆరిపోయాయి. ఎవరూ మీట నొక్కకుండానే పంపులు వాటంతటవే నడవడం మొదలుపెట్టాయి. ఒకటో యూనిట్లో అత్యవసరంగా రియాక్టరును చల్లబరిచే వ్యవస్థలు ఒకదాని వెంట ఒకటి చేజారాయి. ఆపరేటర్లు చేతికందిన మామూలు పంపులతోనే నీళ్లు పంపి ఇంధనాన్ని కాపాడుకున్నారు. నీళ్లు కొట్టి మంట ఆర్పమని అథెన్స్ పట్టణ ఫైర్ చీఫ్ చెబుతూనే ఉన్నాడు. కరెంటు భయంతో కేంద్రంవారు సాయంత్రం దాకా ఒప్పుకోలేదు; ఒప్పుకున్నాక కొద్దిసేపట్లోనే మంట ఆరింది. ప్రాణనష్టం లేదు, రేడియేషన్ బయటికి రాలేదు.

ఆ రోజు ఓడింది ఫోమూ కేబుళ్లే కాదు, ఒక నమ్మకం కూడా. ఒక వ్యవస్థ పోతే ఇంకొకటి ఉంటుంది, రెండూ ఒకేసారి పోవు అన్నది అణు భద్రతకు పునాది. కాగితం మీద రెండు వ్యవస్థలూ వేరు. ఆ గోడ దగ్గర మాత్రం వాటి కేబుళ్లు ఇరుగుపొరుగు. ఆ పునాది కింద, ‘రెంటికీ ఒకే మంట తగలనంత వరకు’ అన్న షరతు ఒకటి దాగి ఉంది. దాని గురించి అంతవరకు గట్టిగా అడిగినవారు లేరు. ఫోము సంగతీ అలాంటిదే. తనంతట తానే ఆరిపోతుంది, మండదు అన్న మాటలతో ఫోము ప్లాస్టిక్కులను అమ్ముతున్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1973లోనే పరిశ్రమ మీద ఫిర్యాదు నమోదు చేసింది. ఆ మాటలకు ఆధారం ప్రయోగశాలలో చిన్న ముక్కల మీద చేసిన పరీక్షలు. చిన్న ముక్క ఆరిపోవడం నిజమే. గదినిండా ఉన్నప్పుడు, గాలి లాగుతున్నప్పుడు ఏం జరుగుతుందో ఆ ముక్క చెప్పలేదు.

బ్రౌన్స్ ఫెర్రీ అనుభవంతో అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ 1980లో కొత్త నిబంధనలు తెచ్చింది. రియాక్టరును క్షేమంగా ఆపడానికి కావలసిన జంట వ్యవస్థల కేబుళ్ల మధ్య మూడు గంటలు మంటను ఆపే అడ్డుగోడ ఉండాలి. లేదా 20 అడుగుల ఖాళీ ఉండి, మంటను పసిగట్టి ఆర్పే యంత్రాంగం ఉండాలి. అదీ కుదరకపోతే గంటసేపు ఆపే చుట్టు, దానికి తోడు అదే యంత్రాంగం. అప్పటికే కట్టేసిన కేంద్రాల్లో గోడలు లేపడం, కేబుళ్లు దూరం జరపడం తేలిక కాదు. అందుకే చాలామంది చుట్టునే ఎంచుకున్నారు.

అలా డజన్లకొద్దీ కేంద్రాల్లోకి వచ్చింది థర్మో-లాగ్ 330-1 అనే చుట్టు. గంట, మూడు గంటల రేటింగులు దానికి ఉన్నాయి. 1980ల చివర రివర్ బెండ్ కేంద్రంవారు వెడల్పాటి ట్రేలకు దాన్ని కట్టి పరీక్షిస్తే గడువుకు ముందే చేతులెత్తేసింది. టెక్సస్‌లోని కొమాంచె పీక్ కేంద్రం చేయించిన పరీక్షల్లో వెడల్పాటి ట్రేల మీదా, సన్నని గొట్టాల మీదా విఫలమైంది. 1992లో ఎన్‌ఆర్‌సీ అన్ని కేంద్రాలకూ హెచ్చరిక పంపింది. మంటను ఆపాల్సిన ఆ పదార్థమే మండే గుణం కలదని అదే ఏడాది తేలింది. 2005లో హెమిక్ అనే మరో చుట్టును కొలిమిలో పెట్టారు. వేడికి పైబట్ట ముడుచుకుని, అతుకుల దగ్గర నోళ్లు తెరుచుకుని, గంట రేటింగు గంటసేపు నిలవలేదు.

ట్రే వెడల్పు, గొట్టం సన్నదనం, అతుకు వేసిన తీరు. ఇవే అన్నంభట్టు చెప్పిన తడికట్టెలు. పదార్థం మంటను ఆపుతుందని అనుకున్నారు. ఆపినది పదార్థం ఒక్కటే కాదు. ఒక కొలత గల ట్రే మీద, ఒక తీరుగా అతికిన పదార్థం. పైగా ఈ పరీక్ష అడగని ప్రశ్న ఇంకొకటుంది. మంట వేడిని లోపలికి రానివ్వని చుట్టు, కరెంటు పారుతున్న కేబులు వేడిని బయటికీ పోనివ్వదు. అందుకని చుట్టిన కేబుల్లో కరెంటు తగ్గించి పంపాలి. లేకపోతే రాని మంట నుంచి కాపాడబోయి, రోజువారీ వేడితో ఇన్సులేషన్‌ను ఎండగట్టినట్టవుతుంది.

అసలు ఏం అడగాలో తెలియడానికే ముప్ఫై ఏళ్లు పట్టింది. చాలాకాలం కాలే కేబులు పనిచేయడం ఎప్పుడు మానేస్తుందన్నదే ప్రశ్నగా ఉండేది. కాలే కేబులు ఊరుకోదు, అబద్ధం కూడా చెబుతుంది. ఇన్సులేషన్ కరిగి, కరెంటున్న తీగ పక్క తీగను తాకితే లేని ఆజ్ఞ పుడుతుంది. మూసి ఉండాల్సిన వాల్వు తెరుచుకుంటుంది. ఇంజనీర్లు దీన్ని హాట్ షార్ట్ అంటారు. బ్రౌన్స్ ఫెర్రీలో పంపులు వాటంతటవే నడిచినప్పుడు కళ్లారా చూసిన సంగతే ఇది. సాండియా జాతీయ ప్రయోగశాల కరోల్‌ఫైర్ పేరుతో కేబుళ్లను వరసగా కాల్చి, ఫలితాలను 2008లో ప్రచురించింది. వేడికి కరిగే రకం ఇన్సులేషన్ సుమారు 200 డిగ్రీల దగ్గర, కరగని రకం సుమారు 330 దగ్గర దెబ్బతినడం మొదలవుతుంది. చుట్టు పరీక్షలో 139 డిగ్రీల గీత కేబుళ్లకు ఎలా పనికొస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. గది వేడికి అది కలిపినా 200 కంటే కింద, కొంత జాగా వదిలి ఉంటుంది.

ఇన్ని వైఫల్యాలు చూశాక, ప్రత్యక్షాన్ని తప్ప దేన్నీ ప్రమాణంగా ఒప్పుకోని చార్వాకుడు నవ్వుతాడు. నువ్వు చూసిన వంటిళ్లెన్ని, చూడనివెన్ని, లోకమంతటికీ చెల్లే వ్యాప్తి నీకెలా తెలిసింది అంటాడు. ఏ పరీక్షా ఏదీ రుజువు చేయదని అతని వాదం. దీనికి నైయాయికుడైన ఉదయనాచార్యుడు చెప్పిన జవాబు సారాంశం ఇది: సందేహానికీ ఒక హద్దు ఉంది, మనిషి నడవడికను కాదనేచోట సందేహం ఆగిపోతుంది. శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధాన్ని సంస్కృతంలో రాసిన శ్రీహర్షుడు ఈ జవాబును ఖండనఖండఖాద్యంలో తిప్పికొట్టాడు. తర్వాతి నైయాయికుడు గంగేశుడు ఉదయనుడి పక్షాన మళ్లీ నిలబడ్డాడు. పొగ కావాలనుకున్నప్పుడు ఎవడైనా నిప్పునే తెచ్చుకుంటాడు; అలా తెచ్చుకునేవాడు పొగకు నిప్పు కారణం కాదేమో అనడం ఉత్త మాటే అన్నాడు.

గంగేశుడి మాట గట్టిదే. ప్రతిదాన్నీ శంకిస్తూ కూర్చుంటే ఎవరూ దీపం కూడా వెలిగించలేరు. కానీ కేబుల్ చుట్టు విషయంలో ఒక తేడా ఉంది. వంటింట్లో నిప్పు వెలిగించేవాడు తప్పు చేస్తే కాలేది అతని చెయ్యే. అణు కేంద్రంలో చుట్టును నమ్మి సంతకం పెట్టేవారు ఒకరు, అది విఫలమైతే ఆ పర్యవసానం మోసేవారు వేరొకరు. సందేహాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయించే హక్కు, నష్టం తనది కానివాడికి అంత తేలికగా ఉండకూడదు. ఇంకొకరి ప్రాణం మీద చేసే అనుమానంలో ఉపాధిని వెతకడం ధర్మం. వెతకకపోవడం పొరపాటుతో సరిపెట్టుకోదగినది కాదు, దోషం.

మన దేశంలోనూ అలాంటి దోషానికి సాక్ష్యం ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రం మొదటి యూనిట్లో టర్బైను బ్లేడ్లు విరిగాయి. ఆ కుదుపులకు జనరేటరులోంచి హైడ్రోజన్ లీకై అంటుకుంది, నూనె తోడైంది, మంట కేబుళ్ల దారిన పాకింది. వేర్వేరు విద్యుత్ సరఫరాల కేబుళ్లు సరైన అడ్డు లేకుండా దగ్గరదగ్గరగా పోవడంతో అన్నీ కలిసి కాలాయి. 17 గంటలపాటు ఆ యూనిట్‌కు కరెంటు లేదు. పొగకు సిబ్బంది కంట్రోల్ రూము వదిలి బయటికి రావాల్సి వచ్చింది. కొందరు చీకట్లో బ్యాటరీ టార్చీలు పట్టుకుని రియాక్టరు భవనం పైకెక్కి, బోరాన్ ద్రావణం రియాక్టరులోకి దిగేలా చేత్తో వాల్వులు తెరిచారు. డీజిల్ ఫైరు పంపులతో నీళ్లు పంపి చల్లబరిచారు. రేడియేషన్ బయటపడలేదు. వాళ్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ బ్రౌన్స్ ఫెర్రీ నేర్పిన పాఠానికి అప్పటికే 18 ఏళ్లు.

మామూలు పౌరుడికి కొలిమి కనిపించదు. అతనికి ప్రత్యక్షమూ లేదు, అనుమానమూ లేదు. దక్కేది శబ్ద ప్రమాణం, అంటే ఇంకొకరి మాట. న్యాయ దర్శనం ఎవరి మాటనైనా ప్రమాణం అనలేదు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకునే ఆప్తుడి మాటనే ఒప్పుకుంది. థర్మో-లాగ్ తయారీదారు ఇచ్చిన పరీక్ష నివేదికలను ఎన్‌ఆర్‌సీ సిబ్బంది లోతుగా పరిశీలించకుండా ఒప్పుకున్నారని ఆ సంస్థ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే 1992 ఆగస్టులో తేల్చింది. తర్వాత తయారీ సంస్థ మీద నడిచిన క్రిమినల్ కేసులో నేరం రుజువు కాలేదు. నియంత్రణ సంస్థ మీద పడ్డ మచ్చ వేరు. స్వయంగా ఎరగకుండానే అది ఆప్తుడి పీట మీద కూర్చుంది.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. కట్టినా కట్టకపోయినా, ఆ తీరంలో బతికేవారికి కేబుళ్ల గురించి అడిగే హక్కు ఉంది. పరీక్షించారా అని అడిగితే అవునన్న జవాబే వస్తుంది. ఎంత వెడల్పు ట్రే మీద పరీక్షించారు, అతుకులు ఎవరు వేశారు, కొలిమి దగ్గర తయారీదారు కాక ఇంకెవరు నిలబడ్డారు, కొత్త కేబులునా, నలభై ఏళ్ల కేబులునా అని అడగాలి. అమెరికాలో మూతబడ్డ జియాన్, క్రిస్టల్ రివర్ కేంద్రాల నుంచి పాత కేబుళ్లను కోసి తెచ్చి, ఏళ్ల తరబడి వేడికీ రేడియేషన్‌కూ అవి ఎలా మారాయో పరిశోధకులు చూస్తున్నారు. కొండను గురించి వంటింట్లో ఊహించడం మాని, కొండ ముక్కనే వంటింటికి తెస్తున్నారు. అలాంటి నివేదికలు తెలుగులోకి రావాలి. కొవ్వాడ గురించి జరిగే ప్రతి సభలో వాటి మీద చర్చ జరగాలి.