కొంతకాలము మీ ఇంట ఉంచండి



ఒక ఊరి నుండి మరియొక ఊరికి కాపురము మార్చుట మనవారికి కొత్త కాదు. మన తాతలు బతుకుతెరువు వెదకుకొంటూ కోలారు బంగారు గనులకు, మదరాసుకు, సోలాపూరు మగ్గాలకు, బరంపురానికి, రాయగడకు చేరినప్పుడు ఒక రేకు పెట్టె, ఒక చాప, నాలుగు గిన్నెలు ఉంటే చాలినది. రైలు దిగి పెట్టె తలమీద పెట్టుకొంటే కాపురము మారినట్లే. నేడు అట్లు కాదు. రెండు గదుల ఇంటిలోనే ఇనుప బీరువా, మంచాలు, భోజనాల బల్ల, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీను ఉంటున్నవి. ఉద్యోగము బెంగుళూరు నుండి పూణేకో, చెన్నై నుండి భువనేశ్వరుకో మారినప్పుడు, అక్కడ తగిన ఇల్లు దొరికేలోగా ఈ సామానంతా ఎక్కడ ఉంచవలెనన్నది ఇంటివారికి నిద్రపట్టనియ్యని ప్రశ్న. అప్పుడు బంధువులను, పొరుగువారిని, ఒక్కొక్కసారి సంఘ పెద్దలను కూడ అడిగే మాట ఒకటున్నది: "కొంతకాలము మీ ఇంట ఉంచండి."

ఇది చిన్న మాటవలె కనబడుతుంది. అయితే ఈ చిన్న మాట వలన అన్నదమ్ముల మధ్య మాటలు నిలిచిపోవుట మేము చూచియున్నాము. గనుక మూడు ప్రశ్నలను ఆలోచింతము. ఉంచుకొన్నవాని బాధ్యత ఎంత? ఉంచినవాని బాధ్యత ఎంత? అసలు "కొంతకాలము" అనగా ఎంత కాలము?

మొదటి ప్రశ్నకు జవాబు చాల పాతది. నిర్గమకాండము 22వ అధ్యాయములో పొరుగువాని ఇంట దాచమని ఇచ్చిన వస్తువు పోతే ఏమి చేయవలెనో వివరముగా ఉన్నది. దొంగ దొరకకపోతే ఇంటి యజమాని న్యాయాధిపతుల ఎదుట నిలిచి, ఆ వస్తువు మీద తాను చెయ్యి వేయలేదని తేల్చుకోవలెను. మన దేశపు పాత ధర్మశాస్త్రములలోను ఈ విషయమున్నది. మనుస్మృతి 8వ అధ్యాయములో రాజు విచారింపవలసిన వివాదములు 18 చెప్పబడగా, అప్పు తరువాత రెండవదిగా వచ్చేది నిక్షేపము, అనగా నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము. ఇక 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములో 148వ సెక్షను మొదలుకొని ఇదే సంగతి ఉన్నది. సామాన్య వివేకముగల మనిషి తనకున్న అట్టి వస్తువును ఎంత జాగ్రత్తగా చూచుకొంటాడో, అంత జాగ్రత్త ఇతరుల వస్తువు పట్ల కూడ తీసుకోవలెనని 151వ సెక్షను చెప్పుచున్నది. అంత జాగ్రత్త తీసుకొన్నాక కూడ నష్టము వస్తే, వేరే ఒప్పందము లేనప్పుడు, ఉంచుకొన్నవాని మీద నేరము లేదని 152వ సెక్షను. దాచమని ఇచ్చిన ఆవు ఈనితే ఆ దూడను కూడ ఆవుతోపాటు అప్పగించవలెనని 163వ సెక్షను.

ఇవన్నీ మంచి నియమములే. అయితే జాగ్రత్తగా చూస్తే వీటన్నిటిలో ముఖ్యముగా ఒక్క భయమే కనబడుతున్నది. ఉంచుకొన్నవాడు వస్తువును తిరిగి ఇవ్వడేమో, వాడుకొంటాడేమో, పాడుచేస్తాడేమో అన్న భయము. ఆ కాలములో ఒకరి ఇంట దాచేవి డబ్బు, నగలు, పశువులు. వాటికొరకు యజమాని తప్పక తిరిగి వస్తాడు. నేడు మనము దాచేది మంచము, సోఫా, బల్ల. వీటి విషయములో వచ్చే కష్టము దానికి తలక్రిందులైనది. ఉంచుకొన్నవాడు తిరిగి ఇవ్వకపోవుట కాదు, ఉంచినవాడు తిరిగి తీసుకొనిపోకపోవుట! ఈ కష్టమును గూర్చి పాత నియమములలో చెప్పినది బహు తక్కువ. గనుక దానిని మన మనస్సాక్షే చెప్పుకోవలసియున్నది.

ఒక చిన్న లెక్క వేద్దాము. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల మంచము విప్పకుండా ఉంచితే 24 చదరపు అడుగులు. మూడడుగుల బీరువా అడుగు నాలుగున్నర. కుర్చీలతో భోజనాల బల్ల 20. మొత్తము 50కి కొంచెము తక్కువ. ఉంచుకొన్నవారి ఇల్లు 400 చదరపు అడుగులైతే ఎనిమిదవ వంతు మన సామానుకే పోయినది. వారు ఇంటి అద్దె 8,000 రూపాయలు కట్టుచున్నారనుకొంటే, అందులో ఇంచుమించు 1,000 రూపాయలు నెలనెలా మన మంచము కొరకు కట్టుచున్నారు. మనము "ఊరికే ఉంచుకొన్నారు" అంటాము. ఊరికే అయినది మనకు మాత్రమే. ఆ ఇంటి పిల్లవాడు చదువుకొనుటకు బల్ల వేసికొనే మూల పోయినది, ముసలమ్మ పడుకొనే చోటు ఇరుకైనది. ఈ సంగతి వారు నోరు తెరచి చెప్పలేరు, ఎందుకనగా చుట్టరికము అడ్డు వస్తుంది. చెప్పలేని వారి మౌనమును సమ్మతిగా తీసుకొనుట న్యాయమేనా?

ఇక్కడ ఒక కఠినమైన సంగతి ఉన్నది, దానిని దాటవేయకూడదు. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడినవి. చాంపియన్ రీఫ్, మారికుప్పం, ఊర్గాం ప్రాంతములలో మూడు నాలుగు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక్కసారిగా జీతము ఆగిపోయినది. కొందరు క్వార్టర్సులోనే ఉండి రోజూ రైలులో సుమారు 100 కిలోమీటర్లు బెంగుళూరుకు పనికి వెళ్లివచ్చారు. కొందరు అక్కడనే ఒక గది అద్దెకు తీసికొని, బరువైన సామాను ఇక్కడి బంధువుల లైను ఇళ్లలో ఉంచి వెళ్లారు. "గని మరల తెరుస్తారు, తెరవగానే వస్తాము" అన్నారు. ఆ మాట అబద్ధము కాదు, వారు నిజముగానే నమ్మారు. గని తెరుస్తారన్న వార్త ఆ తరువాత పలుమార్లు వచ్చి పోయినది. ప్రతి వార్తతోను ఆ బీరువాల గడువు మరికొంత పెరిగినది. పిల్లలు పెద్దవారై వేరే ఊళ్లలో స్థిరపడినారు. బీరువా అక్కడనే ఉండిపోయినది.

ఇట్టివారిని నిందించుటకు మనకు నోరు రాదు. ఆ బీరువాను తీసివేయుట అంటే ఇక తిరిగి రామని ఒప్పుకొనుటే. వారు ఇనుమును దాచలేదు, ఆశను దాచారు. అయినప్పటికీ ఒక ప్రశ్న మిగులుతుంది. మన ఆశకు మరియొకరి ఇంట అద్దెలేని చోటు ఎన్నాళ్లు అడగవచ్చును? మా మనస్సుకు తోచినదేమనగా, ఆశకు గడువు పెట్టలేము గాని సామానుకు పెట్టవచ్చును. "గని తెరిచేవరకు" అన్నది గడువు కాదు, ఎందుకనగా అది మన చేతిలో లేదు. "వచ్చే క్రిస్మసు వరకు, అప్పటికి రాకపోతే బీరువా మీదే, వాడుకొనినా అమ్ముకొనినా మాకు అభ్యంతరము లేదు" అన్నది గడువు. అట్లు చెప్పినవాడు ఆశను వదులుకోలేదు, బంధువును మాత్రము బరువు నుండి విడిపించాడు.

కాంట్రాక్టు చట్టము 160వ సెక్షనులో, అనుకొన్న కాలము ముగియగానే అడగకుండానే వస్తువును తిరిగి అప్పగించుట ఉంచుకొన్నవాని విధి అని ఉన్నది. అడగకుండానే అన్న ఆ మాటను ఉంచినవాడు కూడ తన మీద వేసికొంటే ఎంత బాగుండును! వారు అడగకముందే మనము వెళ్లి తీసుకొనుట, లేదా వెళ్లి గడువు పొడిగించుమని మరల అడుగుట. తాత్కాలికము అన్నది సామానులో ఉండే గుణము కాదు. అది మనము ఇచ్చిన మాట. తేదీ లేని తాత్కాలికము మాట ఇచ్చినట్లు కాదు.

ఇప్పుడు ఉంచుకొన్నవారి వైపు చూద్దాము. ఒక ఇంట కుట్టుమిషను ఉంచి వెళ్లారు. ఆ ఇంటి అమ్మాయి దానిమీద కుట్టు నేర్చుకొన్నది. రెండేళ్ల తరువాత యజమానురాలు వచ్చి, "మా మిషను ఎవరిని అడిగి వాడారు?" అని కోపించినది. తప్పు ఎవరిది? చట్టము ప్రకారము, ఒప్పుకొనని రీతిగా వాడి, ఆ వాడుకవలన చెడిపోతే ఉంచుకొన్నవారే నష్టము ఇచ్చుకోవలెను. ఇది 154వ సెక్షను. గనుక అడగవలసినది, ఒక ఉత్తరము ముక్కతో పోయేదానికి ఊరుకొనుట సరికాదు. అయితే నూనె వేయక, తిప్పక రెండేళ్లు ఉంచిన మిషను తుప్పు పట్టిపోతుందని కుట్టేవారందరికీ తెలుసు. వెళ్లేనాడే "అమ్మాయి వాడుకొంటే వాడుకోనియ్యండి" అని ఒక్క మాట అని ఉంటే ఆమెకు పోయేదేమున్నది? ఇవ్వగలిగినదానిని తాళము వేసి ఇచ్చుట, తరువాత తాళము తీశారని బాధపడుట మంచి మనస్సు లక్షణము కాదు.

మరియొక సందర్భము. 2015 డిసెంబరులో చెన్నై వరదలలో ఎన్నో ఇళ్ల క్రింది అంతస్తులు మునిగినవి. నీరు గుమ్మము దాటుచుండగా ఇంటివానికి పది నిమిషములే ఉన్నదనుకొందాము. తన పరుపు ఎత్తవలెనా, దాచమని ఇచ్చినవారి పరుపు ఎత్తవలెనా? ముందు పిల్లలను, ముసలివారిని ఎత్తవలెను, అందులో సందేహము లేదు. ఆ తరువాత ఇతరులదే ముందు ఎత్తవలెనని ఎవరూ కోరలేరు. కాని "ఇది మనది కాదులే" అని వదిలివేయుట మాత్రము తప్పు. ఆ "మనది కాదులే" అన్న మాటలోనే నమ్మకము చెడుతుంది. అట్లే ఉంచినవాడు ఫోను చేసినప్పుడు మొదటి మాట "మీరందరు క్షేమమా?" అని ఉండవలెను గాని "మా సోఫా ఏమైనది?" అని కాదు.

కొందరు అంటారు, బంధువులకు ఈ భారమంతా ఎందుకు, ఇప్పుడు పెద్ద నగరములలో నెల అద్దెకు సామాను ఉంచుకొనే గోడౌనులు వచ్చినవి గదా అని. మంచిదే. డబ్బు ఇచ్చి ఉంచుటలో తక్కువతనమేమీ లేదు. పైగా అక్కడ కాగితము ఉంటుంది, తేదీ ఉంటుంది, మొగమాటము ఉండదు. అయితే అక్కడ కూడ లెక్క మరువరాదు. ఉదాహరణకు నెలకు 1,500 రూపాయల చొప్పున 18 నెలలు ఉంచితే 27,000 రూపాయలు. పాత సోఫా, చిప్‌బోర్డు బల్ల అమ్మితే అందులో సగము కూడ రాకపోవచ్చును. అట్టివాటిని వెళ్లేముందే అవసరమున్న ఇంటికి ఇచ్చివేయుట మేలు. కొత్తగా పెళ్లయిన జంటకు మంచము, చదువుకొనే పిల్లవానికి బల్ల అక్కరకు వచ్చును. అమ్మ ఇచ్చిన టేకు భోషాణము, నాయనమ్మ రుబ్బిన సన్నికల్లు మాత్రము వేరు. వాటిని ధరతో తూచలేము. అటువంటివి ఒకటి రెండు ఉంటే దాచుకొనుటలో తప్పులేదు. ఇంటిలోని ప్రతి వస్తువు అటువంటిదే అనుకొంటేనే చిక్కు.

మన సంఘములను గూర్చి కూడ ఒక మాట. సండేస్కూలు గదిలోనో, ప్రక్క వసారాలోనో ఎవరో ఊరు మారుతూ ఉంచిన కుర్చీలు, బీరువాలు కొన్ని చోట్ల కనబడుతున్నవి. ఒక కుటుంబమునకు సహాయము చేయుట సంఘమునకు తగినదే. కాని ఆ గది పిల్లలది. పెద్దల కుర్చీల మధ్య పిల్లలు ఒదిగి కూర్చుంటే సహాయము చేసినది సంఘము కాదు, ఆ పిల్లలు. గనుక కమిటీ అనుమతి, పుస్తకములో తేదీ, గడువు ముగిసిన నెలలో గుర్తుచేసే బాధ్యత ఒకరికి అప్పగించుట, ఈ మూడు లేకుండా సంఘపు గదిలో ఏమియు ఉంచకుండుట మంచిది.

సామాను ఉంచేవారు ఈ క్రింది సంగతులు పాటిస్తే చాలావరకు మనస్పర్ధలు రావు.

1. సామాను జాబితా రెండు ప్రతులు వ్రాసి, గీతలు, విరుగుళ్లు ఉన్నవి ఉన్నట్లు చూపి, ఇరువురు సంతకము చేయవలెను. జీతము లేకుండా దాచినప్పుడు ఇరువురిలో ఎవరు మరణించినా ఆ ఏర్పాటు ముగియునని 162వ సెక్షను. అప్పుడు పిల్లలకు ఆ కాగితమే సాక్షి.

2. తీసికొనిపోయే తేదీ వ్రాయవలెను. ఆ తేదీకి రాలేకపోతే ఏమి చేయవలెనో కూడ వ్రాయవలెను.

3. ఏవి వాడుకోవచ్చునో, ఏవి వాడుకోకూడదో ముందే చెప్పవలెను.

4. దాచుటకు అయ్యే ఖర్చు మనదే. ఊరికే దాచినను అవసరమైన ఖర్చును యజమాని తిరిగి ఇవ్వవలెనని 158వ సెక్షను.

5. చెక్క సామానును నేలకు ఆనించక ఇటుకలమీద ఉంచవలెను. ప్లాస్టిక్ కాగితముతో గాలి ఆడకుండ బిగిస్తే లోపల చెమ్మ చేరును. చెదలు రాకుండ గోడకు దూరముగా ఉంచవలెను. ఫ్రిజ్‌ను తుడిచి ఆరబెట్టి తలుపు కొంచెము తెరచి ఉంచవలెను. గ్యాస్ సిలిండరును ఎవరి ఇంటను ఉంచరాదు, ఏజెన్సీలో అప్పగించి రసీదు తీసుకోవలెను.

వలస వచ్చిన జనము మనము. మనకు చోటు ఇచ్చినవారు ఉన్నందుననే మనము ఈ ఊళ్లలో నిలిచాము. రాత్రి దిగిన కుటుంబానికి తమ వరండా ఇచ్చినవారు, జీతము వచ్చేవరకు బియ్యము అప్పు ఇచ్చినవారు ప్రతి పేటలోను ఉన్నారు. చోటు ఎంత విలువైనదో మనకంటె ఎక్కువ ఎవరికి తెలుసు? మీలో ఎవరి సామానైనా ఇంకొకరి ఇంట ఉంటే, ఈ నెలలోనే వారికి ఒక ఉత్తరమో ఫోనో చేసి తేదీ చెప్పండి. తేదీ చెప్పలేకపోతే "అది ఇక మీదే" అని చెప్పండి. రెంటిలో ఏది చెప్పినను వారి ఇంట కొంత చోటు, మీ మనస్సులో కొంత తేలిక కలుగును.