దయ్యం వేషం ఎవరిది?

అక్టోబరు 31 రాత్రి ఎలా భయపడాలన్నదానికి హైదరాబాదు, బెంగుళూరు అపార్టుమెంట్లలో ఇప్పుడు ఒక పద్ధతి ఏర్పడిపోయింది. క్లబ్‌హౌస్‌కి నల్లగుడ్డలు కడతారు, లైట్లు తీసేస్తారు, ఒక మూల ప్లాస్టిక్ పుర్రె పెడతారు. పిల్లలు చాక్లెట్ల కోసం తలుపులు కొడతారు. పెద్దవాళ్ళకి వేషాల పోటీ. డ్రాక్యులాలు ఎంతమంది వచ్చినా నవ్వులే. తెల్లచీర కట్టి, జుట్టు విరబోసుకున్న ఆకారం ఒకటి వచ్చిందంటే మాత్రం మన జనం నిజంగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు.

"ఇది మన పండగ కాదు" అన్న గోల ప్రతి ఏడూ ఉండేదే. ఆ వాదనలో నాకు పస కనపడదు. హాలోవీన్ అమెరికాకి కూడా వలస వచ్చిన పండగే. ఐర్లండులో టర్నిప్ దుంపల్ని తొలిచి దీపాలు పెట్టేవాళ్ళు. 19వ శతాబ్దంలో సముద్రం దాటి వెళ్ళినవాళ్ళకి అక్కడ గుమ్మడికాయ దొరికింది. అయినా కడుతున్న ఇంటి ముందు రాక్షసుడి మొహం గీసిన గుమ్మడికాయ వేలాడదీసే మనం, గుమ్మడికాయకి కళ్ళూ కోరలూ పెట్టడం పరాయి ఆచారమంటే ఎవరు నమ్ముతారు?

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. భయాన్ని సరదాగా అనుభవించడంలో తప్పేమన్నా ఉందా?

భయపడటంలో లేదనే అనుకుంటాను. భరతుడు భయానకాన్ని కూడా రసాల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. ఏ ప్రమాదమూ లేదని తెలిసి గుండె దడదడలాడించుకోవడం మనిషికి ఎప్పట్నుంచో ఇష్టం. చిక్కల్లా ఆ భయం కోసం మనం ఎవరి రూపాన్ని వాడుకుంటున్నాం అన్నదగ్గర వస్తుంది.

డ్రాక్యులా ఒక నవల్లోంచి వచ్చాడు. తెల్లచీర దయ్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? తెల్లచీర ఒకప్పుడు మొగుడు పోయిన ఆడమనిషికి మన సమాజం కట్టబెట్టిన బట్ట. బొట్టు లేని నుదురూ అంతే. జుట్టు విరబోసుకోవడం చావింటి గుర్తు. అంటే ఆ వేషంలో కల్పన చాలా తక్కువ. శుభకార్యానికి ఎదురు రాకూడదని పగలంతా పక్కన కూచోబెట్టిన మనిషే, రాత్రయ్యేసరికి మన కథల్లోకి దయ్యమై వచ్చింది. పగలు ఆమెకి చేసింది మనకి తెలుసు కాబట్టే రాత్రి ఆమె వస్తుందని భయం.

ఊళ్ళలో చెప్పుకునే కథలు చూడండి. నూతిలో పడ్డ కోడలు, కానుపులో పోయిన పిల్ల, పెళ్ళి కాకుండా పోయిన అమ్మాయి. గుంటూరు, ప్రకాశం వైపు పత్తి, మిరప పండించే ఊళ్ళలోనైతే అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతు కూడా ఈ వరసలో చేరాడు. ఆ చేను గట్టు మీద చీకటి పడ్డాక నడవొద్దంటారు. అతను అక్కడే తిరుగుతున్నాడంటారు. పత్తికి ఆ ఏడు ధర ఎంత పలికింది, అప్పు ఎవరి దగ్గర తెచ్చాడు, వడ్డీ ఎంత, కౌలు చేనా సొంతమా — ఇవేవీ ఆ కథలో ఉండవు. దయ్యం కథ చావుని గుర్తుపెట్టుకుంటుంది, కారణాన్ని మర్చిపోతుంది. అప్పు లెక్కలు మాట్లాడుకోవడం కంటే చింతచెట్టుకి భయపడటం తేలిక.

"దయ్యాల్లేవు, పోండి" అంటే సరిపోతుందా? 2018 జూన్‌లో పాలకొల్లు ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడు శ్మశానంలో మంచం వేయించుకుని పడుకున్నారు. అక్కడ జరగాల్సిన పనులకి కూలీలు భయపడి రావడం లేదని, ఆ భయం పోగొట్టడానికి. దోమలు తప్ప ఇంకేవీ ఇబ్బంది పెట్టలేదని తర్వాత ఆయనే చెప్పారు. మంచి పనే. నాకు నచ్చిన సంగతి కూడా. కాకపోతే ఒకటి గమనించాలి. ఎమ్మెల్యే శ్మశానంలో నిద్రపోతే వార్త. ఏళ్ళ తరబడి అక్కడే రాత్రిళ్ళు గడిపే కాటికాపరి వార్త కాడు. ఒకరికి సాహసమైన రాత్రి ఇంకొకరికి రోజూ చేసే కొలువు.

ఆ కొలువుని వేదిక మీదికి తెచ్చిన నాటకం మనకుంది. హారర్ సినిమాలు రాకముందే గుంటూరు వైపు జనం అర్ధరాత్రి దాటాక శ్మశానంలో కూచునేవాళ్ళు. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను అది. తెర లేస్తే కాలుతున్న చితులూ, చీకటీ. వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు కాపలా కాస్తుంటాడు. పాము కరిచి చనిపోయిన లోహితుణ్ణి చంద్రమతి మోసుకొస్తే, కాటిసుంకం కట్టందే దహనం కుదరదంటాడు. మొదట భయపెట్టే ఆ శ్మశానం కాసేపటికి ఏడిపిస్తుంది. ప్రేక్షకుడు ఇంటికెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళేది దయ్యాన్ని కాదు, ఒక తల్లిని.

ఆ సీనుకి ప్రాణం పోసిన పద్యాలు బలిజేపల్లివి కావు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువావి. ఆయన 'శ్మశానవాటి' ఖండికలోని పద్యాలని నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. బతికినంత కాలం అంటరానితనం చవిచూసిన కవి, అస్పృశ్యతకి చోటు లేనిది ఇక్కడొక్కచోటే అని శ్మశానం గురించి రాశాడు. ఊరంతా రాత్రంతా కూచుని ఆ పద్యాలకి వన్స్‌మోర్ కొట్టింది. తెల్లారాక అదే ఊళ్ళో శవాలు కులాన్నిబట్టి వేరువేరు శ్మశానాలకి వెళ్ళాయి. ఇప్పటికీ చాలా ఊళ్ళలో వెళుతున్నాయి. దళితవాడ శ్మశానానికి దారి కావాలని అర్జీలు పెట్టుకునే ఊళ్ళు ఉన్నాయి. వేదిక మీద ఒప్పుకున్న సత్యాన్ని పొద్దున్నే వదిలెయ్యగలగడం, నన్నడిగితే, ఏ దయ్యం కంటే ఎక్కువ భయపెట్టే విషయం.

కాబట్టి కాటిసీను మనల్ని బాగుచేసింది, హాలోవీన్ పాడుచేస్తుంది అని నేను అనలేను. కళ ఒక్కటే మనిషిని మార్చదనడానికి కాటిసీనే సాక్ష్యం. ఐతే రెండింటికీ ఒక తేడా ఉంది. కాటిసీనులో చచ్చిపోయినవాడికి పేరుంది, వాడికోసం ఏడ్చే మనిషి ఉంది, సుంకం అడిగే వ్యవస్థ ఉంది. క్లబ్‌హౌస్‌లో తెల్లచీరకి ఇవేవీ లేవు. మనిషిని తీసేసి భయాన్ని మాత్రం ఉంచుకున్నాం. తప్పు ఎక్కడన్నా ఉంటే అక్కడ ఉంది.

పిల్లల్ని గుమ్మడికాయలతో ఆడుకోనివ్వండి, పోయేదేం లేదు. పెద్దవాళ్ళు నిజంగా ఒళ్ళు జలదరించే రాత్రి కావాలనుకుంటే దానికి ఖర్చు కూడా అక్కర్లేదు. ఊళ్ళో అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, మీ ఊరి దయ్యం కథ చెప్పించుకోండి. మధ్యలో అడ్డు తగలకుండా మొత్తం వినండి. కథ అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి: "ఆవిడ పేరేంటి? వాళ్ళు ఎవరింటి వాళ్ళు?"

జవాబు చెప్పేముందు అటువైపు ఎంతసేపు నిశ్శబ్దంగా ఉంటుందో గమనించండి.