నిక్షేపమా, సొంత సొమ్మా? - మోనాలిసా ప్రయాణంలో ధర్మమీమాంస

1962 డిసెంబరులో లియొనార్డో డావిన్సీ చిత్రం 'మోనాలిసా' పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలను విడిచి ఓడపై అమెరికాకు పయనమైంది. సంరక్షకుల అభ్యంతరాలను కాదని ఫ్రెంచి సాంస్కృతిక మంత్రి ఆండ్రే మాల్రో ఈ నిర్ణయం తీసుకొన్నారు. అణ్వాయుధ విధానంపై ఇరుదేశాల మధ్య విభేదాలున్న కాలమది. 1963లో వాషింగ్టన్, న్యూయార్క్ నగరాలలో పది లక్షలకు పైగా జనం ఆ చిత్రాన్ని దర్శించారు.

మనుస్మృతి పేర్కొన్న పద్దెనిమిది వ్యవహారపదాలలో ఋణాదానం మొదటిది, నిక్షేపం రెండవది. సొంత సొమ్మును ఎరువివ్వడం యజమాని ఇష్టం. దాచమని అప్పగించిన సొమ్ము విషయంలో ఆ స్వేచ్ఛ లేదు. ప్రాచీన కళాఖండం రాజ్యం చేతిలో నిక్షేపమే. ఈ చిత్రం పాప్లర్ కొయ్యపలకపై ఉంది; తేమ మారితే పలక వంగుతుంది. అప్పుడు కలిగే నష్టం ఒప్పందం చేసుకొన్న ప్రభుత్వాలది కాదు, ఇంకా పుట్టని ప్రేక్షకులది.

అయితే నిక్షేపం దాచినది చూపరుల కొరకే అయినప్పుడు, పారిస్ చేరలేనివారూ హక్కుదారులే. కనుక ఎరువివ్వడమే దోషం కాదు. రాజకీయ ప్రయోజనం లేకపోయినా అంతటి అపాయానికి రాజ్యం సిద్ధపడేదా అన్నదే పరీక్ష. నిపుణుల మాట కాదని సాగిన 1962 నాటి ప్రయాణం ఆ పరీక్షకు నిలవదు.