రాజప్రతినిధియు న్యాసధర్మమును

ఒకని సొమ్మును మఱియొకడు నమ్మకముమీద దాచియుంచినయెడల దానికి న్యాసమని పేరు. దాచినవాడు సొమ్మును జాగ్రత్తగానే కాపాడుచున్నాడనుకొందము. కాని సొంతదారు లెక్క యడిగినప్పుడు బదులు చెప్పుటకు వాడు బద్ధుడు కాడేని, వానిని న్యాసధారి యనవచ్చునా? ధనవిషయమున నీ ప్రశ్నకు బదులు చెప్పుట సులభము. రాజ్యవిషయమున మాత్రము పెద్దలును తడబడుదురు. 1858 మొదలుకొని 1947 వఱకు భారతదేశమును పాలించిన రాజప్రతినిధుల చరిత్రమును విమర్శించినచో నీ సంశయము తీరగలదు.

1858వ సంవత్సరమున కంపెనీ పాలన ముగిసి దేశము విక్టోరియా రాణి యధీనమైనప్పుడు కానింగు ప్రభువు మొదటి రాజప్రతినిధి యయ్యెను. చట్టములలో నాయన గవర్నరు జనరలు మాత్రమే. రాజప్రతినిధి యనునది గౌరవనామము. 1861వ సంవత్సరపు చట్టము, అత్యవసర సమయములం దాఱు నెలలపాటు చెల్లు శాసనములను తానొక్కడే చేయు నధికారము నాయనకిచ్చెను. ఆయన లండనులోని ఇండియా రాజ్యకార్యదర్శికిని, అతని మూలమున పార్లమెంటునకును లెక్క చెప్పవలసియుండెను. తానేలు కోట్లకొలది జనులకు మాత్రము చెప్పవలసిన పని లేదు. దేశము మాయొద్ద న్యాసముగా నున్నదని యాంగ్లేయ ప్రభువులు పలుమాఱు పలికిరి. కాని లెక్క సొంతదారునకు గాక, తమ్ము నియోగించినవారికి చెప్పుచుండిరి.

సజ్జనుడు రాజప్రతినిధిగా వచ్చినప్పుడు మేలు జరిగినది గదా యని కొంద ఱాక్షేపింతురు. జరిగినమాట నిజమే. లిట్టను ప్రభువు 1878లో దేశభాషా పత్రికలను కట్టడిచేయు చట్టము నొక్క సమావేశములోనే గావించెను. జిల్లా యధికారి పత్రికాధిపతినుండి ముచ్చిలికా వ్రాయించుకొనవచ్చును. ముద్రాయంత్రమును సయితము జప్తుచేయవచ్చును. న్యాయస్థానమున నప్పీలు లేదు. ఆంగ్ల పత్రికలకీ బాధ లేకపోవుటచే, వంగభాషలో వెలువడుచుండిన అమృతబజారు పత్రిక వెంటనే యాంగ్లపత్రికగా మాఱెను. తరువాత వచ్చిన రిప్పను ప్రభువు 1882లో నా చట్టమును రద్దుచేసెను. దేశ మాయనను కొనియాడుట న్యాయమే. అయినను విచారింపుడు: ఒకరు తీసికొన్నదానిని మఱియొక రిచ్చిరి, తీసికొన్నప్పుడుగాని యిచ్చినప్పుడుగాని ప్రజలు తమ యంగీకారము తెలుపుటకు మార్గము లేకుండెను. ఒకరి మంచితనమువలన వచ్చినది యనుగ్రహము. మఱియొకరు వచ్చి తీయజాలనిదే హక్కు.

శాసనసభలు వచ్చిన తరువాతనైన నీ లోపము తీరెనా? 1923లో ఉప్పుపన్నును మణుగునకు రూపాయి నాలుగణాలనుండి రెండు రూపాయల యెనిమిదణాలకు పెంపజూడగా కేంద్ర శాసనసభ నిరాకరించెను. రీడింగు ప్రభువు తన ధ్రువీకరణాధికారముచేత దానిని చెల్లించెను. బీదవాని కూటిలోని యుప్పుమీద సభవారి మాటకంటె నొక్కని చేవ్రాలే బలవత్తరమయ్యెను.

అన్నిటికంటె శోచనీయమైనది 1943వ సంవత్సరపు వంగదేశపు కఱవు. లక్షలకొలది ప్రజ లాకటను రోగములను మడియుచుండగా, 1936 మొదలు అధికారమందున్న లిన్‌లిత్‌గో ప్రభువొకసారియైన నా ప్రాంతమునకు పోయి చూడలేదు. అక్టోబరులో వేవెలు ప్రభువు వచ్చి, కొలది దినములలోనే కలకత్తాకేగి, ధాన్యము చేరవేయుటకు సైన్యమును వినియోగించెను. పీఠ మొక్కటే, అధికార మొక్కటే. మాఱినది మనుష్యుడు మాత్రమే. ఇట్లు లక్షల ప్రాణములు పాలకుని స్వభావముపై నాధారపడుటయే యా పద్ధతిలోని యధర్మము. తమ మరణమునకు లెక్క యడుగు నధికారము ప్రజలకున్నయెడల, చూడబోవుట యాయన యిచ్ఛపై నాధారపడియుండెడిది కాదు.

కావున రాజప్రతినిధులలో మంచివారెవరు, చెడ్డవారెవరు అని యెంచుటతో విచారణ ముగియదు. లెక్క చెప్పనక్కఱలేని యధికారము సజ్జనుని సయితము దాతగా జేయునుగాని న్యాసధారిగా జేయజాలదు. ఆ పీఠము 1947 ఆగస్టు 15తో నంతరించినను, ప్రశ్న యంతరింపలేదు. మైనరు బిడ్డల యాస్తిని చూచు సంరక్షకుడును, దేవాలయపు మాన్యములనేలు ధర్మకర్తయు, కుటుంబమున కంతటికి మేలు నేనే యెఱుగుదునను గృహయజమానుడును దీనినే తమ్ము తామడుగుకొనవలయును. ఎవరి మేలుకొఱకు మన మధికారము చేయుచున్నామో, వారు మనలను లెక్క యడుగగలరా? అడుగలేనిచో మనమెంత దయాళువులమైనను, వారి సొమ్ము నింకను వారి కప్పగింపలేదనియే యెఱుగవలయును.