గళ్ళవస్త్రమునకు దీవెన

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున, గ్రాండ్‌ఫాదర్ పర్వతపు చెంత, మెక్రే మెడోస్ అను పచ్చికబయలున, స్కాట్లండు కొండసీమయగు హైలండు పేరిట, క్రీడోత్సవము 1956 ఆగస్టు 19వ తేదీన మొదలయినది. ఆ తేదీ యాదృచ్ఛికముగా కుదిరినది కాదు. 1745లో అదే దినమున, స్కాట్లండునందలి గ్లెన్‌ఫినన్‌లో, యువరాజు చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్టు తన తండ్రికి రాజ్యము సాధింపనెంచి పతాకము నెత్తగా కొండసీమ క్లానులు, అనగా వంశగణములు, కొన్ని ఆతని వెంట నడిచెను. ఇప్పుడా ఉత్సవము జూలైలో జరుగుచున్నది. పొడవైన మ్రాను నెత్తి గిరవాటువేయు బలశాలులను గూర్చియు, తిత్తివాద్యముల హోరును గూర్చియు వర్ణించువారు పెక్కురు గలరు. నా దృష్టి నిలిచినది ఆదివారపు ప్రార్థనమీద.

ఉత్సవమందొక సాయంకాలము క్లానుకొక్కరు చొప్పున కాగడా చేతబూని వచ్చి, తమ వంశనామమును పలికి, తమవారు విచ్చేసియున్నారని ఎలుగెత్తి చాటుదురు. ఆదివారము నాటికి ఆ కోలాహలము భక్తిగా మాఱును. ఇట్టి సమావేశములలో జరుగు 'కిర్కిన్' అను కర్మయందు, పాదరి దీవించువేళ ఎవరి క్లానుకు చెందిన గళ్ళవస్త్రమును, అనగా టార్టన్‌ను, వారు చేతితో తాకుదురు. భుజముమీది ఉత్తరీయము లేనివారు జేబులోని పీలికనైనను పైకెత్తి పట్టుదురు.

ఈ ఆచారమునకు చెప్పబడు పుట్టుకకథ మనోహరమైనది. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధమున స్టూవర్టు పక్షము నశించినపిదప బ్రిటిష్ ప్రభుత్వము హైలండు వేషమును నిషేధించెను. మొదటి తప్పునకు ఆఱు మాసముల చెఱ, రెండవదానికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము. అప్పుడు జనులు గుడ్డపీలికలను దుస్తులలో దాచుకొని గుడికి పోయి, ఆశీర్వచనవేళ రహస్యముగా వానిని తాకెడివారట. చరిత్రలో దీనికి ఆధారము దొరకలేదు. 1782లో రద్దయిన ఆ శాసనమును చదివిన, అది పురుషులకును బాలురకును మాత్రమే వర్తించినదనియు, స్త్రీల ఉత్తరీయములను అంటనేలేదనియు తెలియును; ఇంటి ఇల్లాలు బాహాటముగా కప్పుకొనగల వస్త్రమును దాచి దీవింపించుకొనవలసిన అగత్యమేమి? ఈ కర్మను 1941లో, రెండవ ప్రపంచయుద్ధకాలమున, వాషింగ్టను నగరపు పాదరి, స్కాట్లండున పుట్టిన పీటర్ మార్షల్ ప్రారంభించెను.

మఱి పుట్టుక కల్పితమని తెలిసిన కర్మ పవిత్రము కాగలదా? ఈ శంక స్కాట్లండు మతమునకు మఱింత గట్టిగా తగులును. 1560 నాటి సంస్కరణమున ఆ దేశపు గుళ్ళనుండి విగ్రహములను, ద్రవ్యముల దీవెనలను వెడలగొట్టినవారి వారసులే, నేడొక ఉన్నిగుడ్డకు ఆశీస్సు కోరుచున్నారు. దీవెన గుడ్డకు కాదు, దానిని ధరించిన కుటుంబములకని సమాధానము చెప్పుదురు. నాకు ఈ సమాధానము చాలదు. ఏలయన గుడ్డ నిమిత్తమాత్రమే యైనచో దానిని చేత తాకనక్కఱలేదు. శరీరమున్న మనుజునకు భక్తికి ఆలంబనమొకటి కావలెననుట ఒప్పుకొనుట మేలు. అటులే, దాచిన పీలికలకథను విడిచి మార్షల్ పేరే చెప్పుట మేలు. నిన్న మొన్న ఆరంభమయినంతమాత్రమున కర్మ నిష్ఫలము కాదు. అసత్యముతో దానికి ప్రాచీనత నంటగట్టుటయే దానిని చులకన చేయును.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న మఱొకటి కలదు. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో గొఱ్ఱెలమందలకు చోటు చేయుటకై రైతు కుటుంబములను వెడలగొట్టి, మరల రాకుండునట్లు ఇంటికప్పులకు నిప్పు పెట్టిరి. ఆ భూమికి యజమానురాలగు సదర్లండు కౌంటెస్ ఎలిజబెత్ ఆ పేరిటి క్లానునకు వంశక్రమాగతమైన అధినేత్రి. పాదరీలలో పలువురు భూస్వామి పక్షమే వహించిరి. హైలండులో పెక్కుచోట్ల ఇట్లే జరిగినది; నిరాశ్రయులై సముద్రము దాటినవారి సంతతి నేడు ఆ నాయకుల చిహ్నములనే టోపీలపై ధరించి ఆశీర్వచనమునకు నిలుచుచున్నారు! ఇది బానిసబుద్ధి యని కొందఱు పరిహసింతురు. నేనట్లు తలపను. శ్రాద్ధకర్త తన తాత యోగ్యుడా అయోగ్యుడా యని విచారించి పిండము పెట్టడు. పితృఋణము పితరుల గుణమునుబట్టి హెచ్చుతగ్గులు కాదు. బ్రతికియున్నవాడు తన పుట్టుకను తాను కల్పించుకొనలేదని అంగీకరించుటయే అందలి సారము.

అయితే తర్పణవిధిలో చివర వస్త్రనిష్పీడనమని యొకటి యున్నది: తడిసిన వస్త్రమును పిడిచి, ఆ నీటిని కులమున సంతానహీనులై గతించినవారికి విడుతురు. అడుగువారు లేనివారిని సైతము తలచుకొననిదే ఆ కర్మ ముగియదు. కిర్కిన్ వేళ పిలువబడు పేర్లలో ఇట్టివారికి చోటెక్కడ? ఉత్తర కరోలినాలోని కేప్ ఫియర్ ప్రాంతమున స్థిరపడిన హైలండు కుటుంబములు నల్లజాతివారిని బానిసలుగా ఉంచుకొనెను. ఆ బానిసలలో పలువురి సంతతి నేటికిని యజమానుల ఇంటిపేర్లనే వహించుచున్నది. క్లాను సంఘములలో అనేకము రక్తసంబంధమును నిరూపింపుమని అడుగక, పేరును నాయకునిపట్ల విధేయతయును చాలునని సభ్యత్వ మొసగుచున్నవి. ఆ నియమము ప్రకారమే ఆ నల్లవారికిని కాగడా పట్టి వంశనామము పలుకు అధికారము కలదు; వారిని పిలువవలసిన పని పిలుచువారిది.